మేకలకు కొసరు

నెల్లిమర్లలో నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. మోకాళ్లు మొరాయించడంతో కిందటేడు మూసేశారు. అప్పట్నుంచి ఆయనకు మాటే కరువైంది. మొన్న వేసవి సెలవుల్లో మా పాపతో పాటు ఆయన్నీ బలవంతంగా జంతువుల పార్కుకు తీసుకెళ్లాను. నెమళ్లనూ జింకలనూ గోడను చూసినట్టే చూశారు.

మేకలకు మన చేత్తో మేత పెట్టే చోట పాప గిన్నెడు క్యారెట్ ముక్కలు తాత చేతికిచ్చింది. ఆయన లోపల అడుగుపెట్టారో లేదో మేకలన్నీ మీద పడ్డాయి. ఒకటైతే ముందుకాళ్లు ఆయన పొట్టమీదే వేసేసింది. పడిపోతారేమోనని పట్టుకోబోయాను. అంతలో నాన్న గొంతు ఖంగుమంది.

"ఒరే, ఏటీ తోపులాట? సరుకు అందరికీ ఉన్నాది! ముందు ఆ ఎనకాల బక్కదాన్ని రానీండి."

సంత రోజున మా కొట్లో వినిపించే గొంతు అది. చుట్టూ జనం నవ్వుతున్నా ఆయన పట్టించుకోలేదు. ఒక్కో మేకకు గుప్పెడు పెట్టి, "ఇది కొసరు" అంటూ పైన ఇంకో ముక్క అందించారు.

పాప కూడా చెయ్యి చాచింది. "తాతా, నాకూ కొసరు!"

"నువ్వేటి కొన్నావని కొసరడుగుతన్నావే?" అని నాన్న నవ్వారు. ఎన్నాళ్లకో ఆ నవ్వు!

గిన్నె ఖాళీ అయ్యాక గేటు దాటుతూ వెనక్కి తిరిగి, మేకలతో "మల్లీ రండి" అన్నారు.

"ఎల్లేది మనం కదా తాతా!" అని పాప పకపకా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. కొట్టు మూసిన రోజున, ఆఖరిగా వచ్చినావిడ చేతికి పొట్లం ఇచ్చి నాన్న అనలేక మింగేసిన మాట అది.