ఆషాఢంలో మునగాకు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, చెబుతాను. నేను ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో గుండె జబ్బుల వార్డు ఆయాగా చేసి రిటైరయ్యాను. చదువు తక్కువే, కానీ కళ్ళతో చూసింది మరచిపోను. ఉద్యోగం చివరి ఏడు నన్ను ఐ.సి.యు.కి వేశారు. ఆ ఆషాఢంలో జరిగిన సంగతి ఇది.

రోగిని ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, పరీక్షలకు తీసుకుపోవడం మా పని. మాపైన సిస్టర్, ఆమెపైన డాక్టరు. తెలుగువాళ్ళు వస్తే మాట అందించడం కూడా నాకే పడేది.

ఒక మధ్యాహ్నం నోయిడా నుంచి సునీత అనే అమ్మాయిని తెచ్చారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వీల్‌చైర్ నెడుతూ భర్త రవి, వెనకాలే తల్లి రత్నమ్మగారు. పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. "పడుకోలేను... ఆంటీ" అనడానికే రెండుసార్లు ఊపిరి తీసింది. వీపు వెనక దిండ్లు పేర్చి కూర్చోబెట్టాను.

గుండెలో నాలుగు తలుపులుంటాయి. రక్తం ముందుకు పోగానే మూసుకుని, వెనక్కి రానివ్వవు. వాటినే వాల్వులంటారు. చిన్నప్పటి కీళ్ళ జ్వరం వల్ల ఎడమవైపు వాల్వు పాడైతే, సునీతకు ఇదివరకే మెటల్ వాల్వు వేశారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. అలాంటివాళ్ళ పక్కన కూర్చుంటే టిక్కు టిక్కుమని వినిపిస్తుంది.

"మొన్నటి నుంచి ఆ చప్పుడు రావట్లేదు ఆంటీ" అన్నాడు రవి.

"మా పిల్ల గుండె కుదుటపడిందని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నానమ్మా" అన్నారు రత్నమ్మగారు.

ఆ మాట హిందీలో చెబితే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. ఎకో అనే గుండె స్కాను తీస్తే, వాల్వులో తెరుచుకుని మూసుకునే రెండు రెక్కల్లో ఒకటి కదలడం లేదు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తానికి గుండెలోకి దిగే దారి మూసుకుపోతోంది. అది వెనక్కి తన్ని, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. రక్తపరీక్షలో మాత్ర పనిచేసిన జాడే లేదు.

"దవా ఛోడ్ దీ క్యా?" మందు మానేశావా అని గద్దించింది డాక్టరమ్మ.

"నహీ మేడమ్! రోజూ నా చేత్తో నేనే ఇస్తున్నాను" అన్నాడు రవి.

అయితే తిండి సంగతి అడగమని నాకు చెప్పింది. అడిగాను.

"ఆషాఢం కదమ్మా, మునగాకే. వీళ్ళ సొసైటీ గేటు పక్కన చెట్టుంది, ఇక్కడెవరూ ఆకు ముట్టుకోరు. పప్పులో వేస్తాను, పొడి కొడతాను, రెండు పూటలా పెడతాను. నీరసించిన పిల్ల కదా!"

ఆకుకూర తినడం ఒక్కసారిగా అంత పెరిగితే ఆ మాత్ర బలం విరిగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. రత్నమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "అంటే... నేనేనా?" అన్నారు.

గడ్డను కరిగించే మందు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. కరిగితే సరి. ముక్క విరిగి తలకెక్కితే మాట పడిపోవచ్చు, చెయ్యి కాలు పడిపోవచ్చు. అందుకని పక్కనే ఉండి మాట్లాడిస్తూ, చేతులు ఎత్తిస్తూ, తేడా వస్తే సిస్టర్‌ను పిలవమని నన్ను కూర్చోబెట్టారు.

ఒకసారి చేతులెత్తమంటే కుడిచెయ్యే లేచింది. ఎడమది పక్కమీదే ఉండిపోయింది. సిస్టర్‌ను కేకేశాను.

"సూది గుచ్చుకుంటోంది ఆంటీ" అంటూ మెల్లగా ఆ చెయ్యీ ఎత్తింది.

సాయంత్రానికి ఒక్క ఊపిరిలో నాలుగు మాటలు అనగలిగింది. మర్నాటి ఎకోలో రెక్క కదిలింది.

"ఇక జన్మలో వంటింట్లోకి వెళ్ళను" అని ఏడ్చారు రత్నమ్మగారు.

"ఊరుకో అమ్మా! ఆయన వండితే ఒక వాల్వేమిటి, నాలుగూ మూసుకుపోతాయి" అంది సునీత.

ఆకుకూర మానక్కర్లేదని, వారం వారం ఒకే పాళంలో తింటూ రక్తపరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పి పంపింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, వాల్వు వేసుకున్నవాళ్ళు ఎవరొచ్చినా మాత్ర సంగతితోపాటు వంట ఎవరు చేస్తారో అడిగి, వాళ్ళను కూడా డాక్టరు ముందు కూర్చోబెట్టేదాన్ని. చప్పుడు మారితే మంచికే అనుకోకుండా వెంటనే రమ్మనేదాన్ని. నేను నేర్చుకున్నది అదే.

మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి. మీ ఇంట తినేవాళ్ళు, పెట్టేవాళ్ళు అందరూ నిండు ఊపిరితో చల్లగా ఉండాలి.