వెరిక్ రాయని ఏడు కీర్తనలు

మా క్రైస్తవ మఠంలో వెరిక్ ముప్పై ఒక్క ఏళ్లు పుస్తకాలకు నకళ్లు రాసే పని చేశాడు. మ్యూజ్ నది మీద పడవ నడిపేవాడి కొడుకు. మాట కరుకు, చెయ్యి మాత్రం నిలకడ. అతని ఆఖరి పని బైబిల్లోని నూట యాభై కీర్తనలకు పెద్దలు రాసిన వ్యాఖ్యానం. గొర్రె చర్మపు పుట మధ్యలో పెద్ద అక్షరాలతో కీర్తన, రెండు పక్కలా చీమల బారుల్లా లాటిన్ వ్యాఖ్యానం. ప్రతి కీర్తన మొదట్లో ఫోల్కార్డ్ బంగారు రేకుతో, నీలంతో పెద్ద అక్షరం చిత్రించేవాడు. దానికి వెరిక్ చోటు వదలాలి. నాలుగేళ్లుగా ఇద్దరివీ పక్కపక్క బల్లలే.

పుస్తకం ముగించినవాడు చివరి పుటలో తన పేరు రాసి, చదివేవాళ్లను తన ఆత్మ కోసం ప్రార్థించమని అడగడం మా ఆచారం. వెరిక్ అంతకుముందు రాసినవన్నీ చివరికి వేరే ఎవరో ముగించినవే. ఎక్కడా అతని పేరు లేదు. ఈసారి మాత్రం తనదేనని అందరికీ చెప్పుకున్నాడు.

ఆ చలికాలం అతని చూపు మందగించింది. ఎవరికీ చెప్పలేదు. భోజనాల దగ్గరా, రాత గదిలోనూ మేం నోరు మెదపకూడదు; ఏది కావాలన్నా చేతి సైగలే. అలాంటి చోట చూపు తగ్గితే చెవుడు వచ్చినట్టే. ఉప్పు అడిగితే వెరిక్ బీరు జరిపేవాడు. రొట్టె అడిగితే తల ఊపి ఊరుకునేవాడు. వెటకారమనుకుని మేం నవ్వుకునేవాళ్లం.

ముందు కనిపెట్టింది ఫోల్కార్డ్. నూట నలభయ్యో కీర్తన దగ్గర, తన అక్షరం కోసం ఉంచిన చోట్లోకి వ్యాఖ్యానం రెండు వరుసలు చొరబడి ఉంది. గుట్టుగా కత్తితో గీకేసి, ఆ మాటలను అడుగు అంచులో తనే ఇరికించాడు. మధ్యాహ్నం మాట్లాడుకోనిచ్చే గదిలో వెరిక్‌ను పట్టుకున్నాడు.

“అన్నా, నా చోట్లో నీ సిరా ఏంటి?”

“నీ అక్షరాలకి ఒళ్లు ఎక్కువైంది తమ్ముడూ. కాస్త తిండి తగ్గించు.”

“సరే, ఇప్పుడు నేనేం సైగ చేశానో చెప్పు.”

“చేప.”

“నేను చెయ్యే ఎత్తలేదు.”

వెరిక్ గొంతు తగ్గించాడు. “పది కీర్తనలేరా. ఈస్టర్ దాకా నోరు మూసుకో. ఆ తర్వాత నన్ను పందులు కాయడానికి పంపినా సరే.”

ఫోల్కార్డ్ ఊరుకున్నాడు. నూట నలభైనాలుగో కీర్తన దగ్గర అతని చోటంతా సిరాతో నిండిపోయింది. పదకొండు వరుసలు. గీకితే చర్మం నిలవదు. ఆ మాటలకు పుటలో వేరే చోటూ లేదు. ఆ పుట కోసేసి కొత్తది రాయాలి. కొత్త చర్మానికి మఠాధిపతిని అడగాలి, ఎందుకని ఆయన అడుగుతాడు. ఫోల్కార్డ్‌కు అబద్ధం నోటికి రాలేదు.

మఠాధిపతి వెరిక్‌ను పిలిపించి, కూర్చోమని సైగ చేశాడు. వెరిక్ నిలబడే ఉన్నాడు. ఆయన మరోసారి చెయ్యి ఊపి, దించేశాడు.

“కీర్తనలు నాకు నోటికి వచ్చు తండ్రీ,” అన్నాడు వెరిక్.

“మనందరికీ వచ్చు నాయనా. వ్యాఖ్యానం రాదుగా.”

అతని కలం గెర్లాండ్ అనే కుర్ర సన్యాసికి ఇచ్చారు. వెరిక్‌ను వంటింట్లో ఉల్లిపాయలు ఒలవడానికి కూర్చోబెట్టారు.

ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు, పెంతెకొస్తు పండక్కి పుస్తకం ముగిసింది. ఆ మధ్యాహ్నం మాట్లాడే గదిలో వెరిక్ పక్కన ఫోల్కార్డ్ వచ్చి కూర్చున్నాడు.

“చివర ఎవరి పేరుంది?” అడిగాడు వెరిక్.

“గెర్లాండ్‌ది.”

“వాడే కదా ముగించింది.” వెరిక్ ఫోల్కార్డ్ వైపు మొహం తిప్పాడు. “నా గురించి ఏమీ లేదా?”

“నూట నలభైనాలుగో కీర్తన అక్షరంలో ఓ బొమ్మ వేశాను. కలం పట్టుకున్న ముసలి సన్యాసి. నువ్వే అన్నా.”

“కళ్లెలా వేశావు?”

“తెరిచి.”

“అయితే ఆయనెవరో గెర్లాండ్ తాత అయ్యుంటాడు.”

అక్కడున్న మేం ఎవరం నవ్వలేదు. ప్రార్థన గంట మోగింది. ఫోల్కార్డ్ మోచెయ్యి పట్టుకోబోతే వెరిక్ విదిలించుకుని, గోడ తడుముకుంటూ గుడిలోకి వెళ్లాడు. తర్వాత రెండేళ్లు బతికాడు. ఆ పుస్తకాన్ని ఎవరు తెచ్చి ఒళ్లో పెట్టబోయినా చేతులు ముడుచుకునేవాడు.