రేకుల మీది రాళ్లు

పాప నిద్రపోయింది. దూరంగా పడమర మెరుస్తోంది, ఉరుము మాత్రం వినబడడం లేదు. ఇలాంటప్పుడు నాకు నిద్ర పట్టదు.

అప్పుడు పాపకు ఏడాది నిండని వేసవి. ధర్మవరంలో మాది రేకుల ఇల్లు. గాలికి లేవకుండా రేకుల మీద రాళ్లు పెట్టడం మా వీధిలో అందరికీ అలవాటు. ముందటేడు ఒక రేకు లేచిందని మా ఆయన ఇంకొన్ని పెద్ద రాళ్లు ఎక్కించాడు. సరిగ్గా వాటి కిందే, దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో పాప పడుకునేది.

ఆ రోజు ఆయన హిందూపురం పోయాడు. పొద్దున రేడియోలో రాయలసీమలో ఒకటి రెండు చోట్ల ఈదురుగాలులతో వాన అన్నారు.

"ఆ ఒకటి రెండు చోట్లు యాడో చెప్పి ఏడ్చచ్చు గదా! నీ బీఎస్సీలో చెప్పలేదేమే?" అంది అత్త, మగ్గం ఆపకుండా.

చెప్పారు. ఉరుముల మబ్బు గంటలోపే పుట్టి విరుచుకుపడగలదు. ఏ ఊరి మీదో పొద్దున్నే చెప్పడం కష్టం. అది లేచాక మన కళ్లే దిక్కు.

మధ్యాహ్నం పెనుకొండ వైపు మబ్బు లేచింది. ఉబ్బి ఉబ్బి, పైన కమ్మరి ఇనుము కొట్టే దాగలిలా చదునుగా పరుచుకుంది. ఆకు కదల్లేదు. ఉన్నట్టుండి చల్లగాలి తగిలింది.

"అబ్బా, సల్లగుండాది!" అని వీధంతా బయటికొచ్చింది.

నేను మబ్బు వైపు చూశాను. అది మబ్బులోంచి కిందికి కూలిన గాలి. వెనకే అసలుది వస్తుంది.

లోపలికి పరిగెత్తి పాపను ఉయ్యాల్లోంచి లాక్కుని మగ్గం గుంతలోకి దిగాను, అత్త కాళ్ల పక్కకి.

"పాపను పట్టుకోని ఈడెందుకే? పడుగు దారాల మీద టార్పాలిన్ పట్ట కప్పు, పట్టు తడిస్తాది!"

ఆమె మాట పూర్తి కాలేదు. గాలి కొట్టి రేకు పైకి లేచింది. దాని మీది రాయి దబ్బున పడింది. ఉయ్యాల చీర నిలువునా చిరిగింది. అత్త పాపను తడిమి తడిమి చూసింది.

సాయంత్రం ఆయన వచ్చి, రేకు సరిచేసి, రాయి మళ్లీ ఎత్తబోయాడు. నేను పాపను చంకనేసుకుని వాకిట్లోనే నిలబడ్డాను.

"అవన్నీ దించితేనే లోపలికొస్తాను."

"పిచ్చా నీకు? రాళ్లు లేకుంటే రేకులు పోవా?"

"పోనీ. రేకులు పైకి పోతాయి. రాళ్లు పాప మీద పడతాయి."

ఆయన అత్త వైపు చూశాడు.

"దించప్పా," అంది అత్త.

పడమర ఇంకో మబ్బు లేస్తోంది. ఆయన నిచ్చెనెక్కి ఒక్కో రాయి కిందికి వేస్తుంటే, ప్రతి చప్పుడుకీ పాప ఉలిక్కిపడి నా మెడను గట్టిగా పట్టుకుంది.