సామాన్ల కాపలా

మా ఇంట్లోవాళ్లు ఎక్కడికి బయల్దేరినా సామాన్ల దగ్గర కూర్చునే పని నాది. గుడికి పోతే చెప్పులు, పెళ్లికి పోతే పర్సులు, బాపట్ల సముద్రానికి పోతే ఫోన్లూ గడియారాలూ పిల్లల నిక్కర్లతో సహా అన్నీ నా ఒళ్లోకే. అందరూ తడిసి ముద్దయి వచ్చి "నీళ్లు మస్తున్నయి" అనేవాళ్లు. నేను కనీసం పాదాలు తడుపుకుందామని లేచేసరికి బండి హారన్ మోగేది. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, దీనికేం సరదాలుంటాయిలే అని వాళ్ల లెక్క. నాకు ఒళ్లు మండేది. ఒక్కసారైనా ఎవరి సంచీ మోయకుండా ఆ నీళ్లలోకి దిగాలని ఉండేది.

అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నాకో బ్లౌజుల షాపు ఉంది. హాస్టల్ అమ్మాయిలు కొలతలిస్తూ ఏవేవో దేశాల పేర్లు చెప్తుంటే విని విని, ఒకరోజు ప్యారిస్ పోతున్నానని ఇంట్లో ప్రకటించాను.

"ఎవలతోని?" అన్నాడు అన్న.

"ఒక్కదాన్నే."

"ఒక్కదానివి పోయి ఏం జేస్తవ్? నీ సామాను ఎవలు చూస్తరు?"

ఆ మాటే నన్ను విమానం ఎక్కించింది. పాస్‌పోర్టూ ఫోనూ పట్టేలా, నడుముకు కట్టుకునే సంచీ ఒకటి లైనింగు గుడ్డతో నేనే కుట్టుకున్నాను. రెండు చేతులూ ఖాళీ.

ఈఫిల్ టవర్ కిందికి చేరగానే భయమేసింది. అలవాటు కొద్దీ కళ్లు బెంచీ కోసం వెతికాయి. కాసేపు కూర్చున్నాను. ఎవరూ వచ్చి నా ఒళ్లో ఏమీ పడేయలేదు. లేచి వరసలో నిలబడ్డాను. పైకెక్కి ఊరంతా చూసేసరికి సంతోషం పట్టలేక ఏడ్చేశాను. పక్కనున్న ముసలామె కంగారుపడి రుమాలు ఇస్తే, "ఏం ఫికర్ లేదమ్మా, మస్తుగున్న" అన్నాను. అర్థమైనట్టే నవ్వింది.

ప్యారిస్ అయితే చూసొచ్చాను గానీ, బాపట్ల నీళ్లు ఇంకా నా కాలికి తగల్లేదు. పంజాగుట్టలో కొత్త చెప్పులు కొనుక్కుని, మళ్లీ ఒక్కదాన్నే రైలెక్కాను.

వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే ఒడ్డున జనమే లేరు. ఎక్కడో దూరంగా ఇద్దరు వల బాగుచేసుకుంటున్నారు. లాడ్జి తాళంచెవి చున్నీకి ముడేసుకుని, చెప్పులు ఇసుకలో విడిచాను. అప్పుడే కారులోంచి ఒక కుటుంబం దిగింది. వాళ్లలో ఒకావిడ నవ్వుతూ నా దగ్గరికొచ్చింది.

"ఏవండీ, మీరొక్కరే ఉన్నారుగా, కాస్త మా సామాన్లు చూస్తుంటారా?"

"లేదమ్మా, నేను సుత నీళ్లల్లకు పోతున్న."

ఇంత చిన్న మాట అనడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. మోకాళ్లదాకా దిగాను, తర్వాత నడుందాకా. అల వచ్చి కొడితే కేకలు పెట్టాను, పడ్డాను, ఉప్పునీళ్లు మింగాను, ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఎండకు మాడు పగిలేదాకా బయటికి రాలేదు. వచ్చి చూస్తే ఒక్క చెప్పే ఉంది.

ఇంటికి చేరగానే అన్న నా కాళ్లకున్న రబ్బరు చెప్పులు చూశాడు.

"కొత్తయి ఏమైనయి?"

"ఒకటి సముద్రంల కొట్టుకపోయింది."

"మరి ఎవ్వలు చూడలేదా?"

"నేను నీళ్లల్ల ఉన్న అన్నా."