చెరిపేసిన ఆరో జత

తోటల శాఖ ఆఫీసులో పురుగుల బొమ్మలు గీసే ఆవిడను అందరూ బొమ్మలమ్మ అనేవారు. ఇరవై రెండేళ్ళుగా కిటికీ పక్క బల్ల దగ్గర, భూతద్దంలో చూసి చూసి గీసింది. పై గదిలో డైరెక్టరుగారు ఉండేవారు. ఆయనకు గోడ నిండా పట్టాలే. పురుగును మాత్రం పుస్తకంలో తప్ప చూసి ఎరుగరు. ప్రాణమున్నది కనిపిస్తే కుర్చీ వెనక్కి జరుపుకునేవారు.

ఆ ఏడు గులాబీ రైతులకు రంపపు ఈగ పోస్టరు వేయాలన్నారు. పేరుకే అది ఈగ, చుట్టరికమంతా కందిరీగలతో. ఆర్గి అనే ప్రజాతిది. తల్లి గులాబీ కొమ్మను రంపంతో కోసినట్టు చీల్చి గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు అచ్చం గొంగళిపురుగులా ఉండి ఆకుల్ని ఊడ్చేస్తుంది. గొంగళికి కొట్టే పొడిమందు దీన్ని ఏమీ చేయదు. అందుకే కాళ్ళు లెక్కపెట్టాలి. ముందు మూడు జతల గట్టి కాళ్ళు రెండింటికీ ఉంటాయి. వెనక మెత్తటి కాళ్ళు గొంగళికి ఐదు జతలు మించవు, దీనికి ఆరు. బొమ్మలమ్మ వారం రోజులు కూర్చుని ఆరూ గీసింది.

డైరెక్టరుగారు ఒక్క చూపు చూశారు. “ఏంటమ్మా ఇది, జెర్రిని గీశావా? ఐదే ఉండాలి. చెరిపేయ్.”

“పురుగును తెచ్చి చూపించనా సార్?”

“నాకే పాఠం చెప్తావా?”

ఇంట్లో చెప్పుకుంటే భర్త నవ్వాడు. “రెండు కాళ్ళు పోతే పురుగేమైనా కుంటుతుందా? సంతకం పెట్టేది ఆయన. నీకెందుకే తలనొప్పి?”

మర్నాడు ఆవిడ బ్లేడుతో గీకి ఆరో జతను తీసేసింది. పోస్టరు అచ్చయింది. డైరెక్టరుగారికి మెచ్చుకోలు ఉత్తరం వస్తే దానికీ పటం కట్టించుకున్నారు. సిగ్గుకు తప్ప అన్నిటికీ ఆ గోడ మీద చోటుంది.

రెండు నెలలకు ఒక రైతు పోస్టరు పట్టుకుని వచ్చాడు. “తోటంతా మోడుబారిందమ్మా. అద్దం పెట్టి మరీ లెక్కపెట్టాను, ఆరు జతలున్నాయి. మీ బొమ్మలో ఐదే. అయితే ఇది రంపపు ఈగ కాదులే, గొంగళే అనుకుని మూడుసార్లు పొడి కొట్టాను.”

డైరెక్టరుగారు మెట్ల మీదినుంచే విన్నారు. “లెక్కలు రానివాళ్ళకు పోస్టర్లెందుకు?” అని విసుక్కుని పైకి పోయారు.

రైతు ముఖం చిన్నబోయింది. “నేను తప్పు లెక్కపెట్టానామ్మా?”

నెపం పైగదిలోకి తోసేద్దామని ఆవిడకు నోటిదాకా వచ్చింది. కానీ ఇన్నేళ్ళూ ఆ పెద్దమనిషి మీద పెంచుకున్న ఏవగింపు ఒక్కసారిగా తన మీదికే తిరిగింది.

“మీ లెక్క సరైనదే బాబూ. ఆ జత కాళ్ళు చెరిపింది నేను. తెలిసే చెరిపాను.”