బాసికం సంచిలో పెట్టుకొని విరుదునగర్ పోయి వస్తి

నా చెల్లెలి ఒక్కగానొక్క కొడుకు పెళ్లి. మా వాళ్లలో పెళ్లికొడుకు నొసట బాసికం కట్టేది మేనమామే, ఆ తరువాతే తాళి. పత్రికలో విరుదునగర్ మండపమని ఉంది. బాసికం, పట్టుపంచె సంచిలో పెట్టుకొని తెల్లవారి మా ఊరు నాగలాపురంలో మొదటి బస్సు ఎక్కితి.

కోవిల్‌పట్టిలో దిగి బస్సు మారాల. మీరూ ఆ దోవన పోతే బస్టాండు బయట టీ తాగి ఎక్కండి. నేను తాగతా ఉంటే ఎదుటి మండపంలో మేళం మోగింది. "ఎవరి పెళ్లో, నాదస్వరం ఏడ్చినట్టుంది" అంటి. టీకొట్టాయన నవ్వినాడు. అక్కణ్ణించి విరుదునగర్‌కు గంట పైన పడుతుంది, టికెట్టు నూరు లోపే. ఎండ పడే పక్క కూర్చోకండి.

విరుదునగర్‌లో మండపానికి తాళం. కావలాయన తమిళంలో చెప్పినాడు: "ఇక్కడ బోరు ఎండిపోయింది తాతా. పెళ్లి నిన్ననే కోవిల్‌పట్టికి మార్చినారు. ఫేస్‌బుక్కులో పెట్టినారే, చూడలేదా?"

"ఫేస్‌బుక్కు చూసి పోయేదానికి నేనేమన్నా ఊరోడినా? మేనమామను!"

"మేనమామకు ఫోన్ చెయ్యకుండా ఉంటారా?"

ఎట్ల చేస్తారు? పాత ఫోన్ పోయి కొత్త నంబరు తీసుకొంటి, ఎవరికీ చెప్పలేదు. కావలసినవాడు ఇంటికే వస్తాడులే అనుకొంటి. చెల్లెలికి ఫోన్ కొడితి, ఎత్తలేదు. మళ్లీ కొడితి, కట్ చేసింది.

కావలాయన చెప్పిన గుర్తు పట్టుకొని తిరిగి కోవిల్‌పట్టికి వస్తే, పొద్దున నేను వెక్కిరించిన మండపమే అది. తాళి అయిపోయింది. వేరే బాసికం తెచ్చి మా పినతండ్రి కొడుకు కట్టినాడంట.

"ఇంత పొద్దుకా అన్నా వచ్చేది? నీ పాత నంబరుకు ఎన్ని తూర్లు కొడితిమో!" అంది చెల్లెలు.

"నేను కొడితే కట్ చేస్తివే?"

ఫోన్ తీసి చూసింది. "ఇది నువ్వా? లోన్ కావాలా అని అడిగేవాళ్లేమో అనుకొంటిని. లగ్నం నిలవదు గదన్నా."

పంచె ఇచ్చి, అన్నం తినకుండా వస్తి. ఊరికి ఒక మనిషిని పంపలేకపోయినారా అని కోపం ఇంకా ఉంది. అయినా వాళ్లు చెప్పింది అందరికీ తెలిసింది, నాకొక్కడికే తెలియలేదు. అక్షరాలు సరిగా రావు, ఇది ఫోన్‌లో మాట్లాడి రాయిస్తున్నా. నంబరు మారితే ఆ పొద్దే మీ వాళ్లందరికీ పంపండి, బస్సెక్కే ముందు వాళ్లు ఏం పెట్టినారో ఒకసారి చూడండి. చెల్లెలికి ఇంకో కొడుకు లేడు. బాసికం సంచిలోనే ఉంది.