నోరా ఆంటీ క్యాబేజీ వైద్యం

ఫ్రిజ్‌లోంచి తీసిన క్యాబేజీ ఆకును చీలుస్తుంటే వచ్చే చల్లని పచ్చి వాసన తగిలితే చాలు, ఇంగ్లండులోని స్లౌలో మా పక్క ఫ్లాట్‌లో ఉండిన నోరా ఆంటీ గుర్తుకొస్తుంది. స్కూలు వంటింట్లో పనిచేసి రిటైరైన ఆ ఐర్లండు ఆవిడ నా బాలింత జ్వరాన్ని క్యాబేజీ ఆకులతోనే తగ్గించేసిందని మావాళ్లంతా చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. జ్వరం వచ్చింది నాకు, కథలు మాత్రం వాళ్లకు!

మా అమ్మాయి పుట్టిన రెండో వారంలో పాలు గడ్డకట్టి రొమ్ము రాయిలా అయింది. పాప నోరు పెడితే నాకు ప్రాణం పోయేది. ఆ ఏడుపులు గోడ దాటి వినిపించాయి కాబోలు, నోరా ఆంటీ క్యాబేజీతో వచ్చింది. వాళ్ల ఊళ్లో దగ్గుకు పాలలో ఉడికించిన ఉల్లిపాయ, గొంతునొప్పికి మేజోడులో పోసి కట్టిన వేడి ఉప్పు, కీళ్లనొప్పికి జేబులో బంగాళాదుంప అట. నేను నవ్వాను.

"మీరు దెబ్బకు పసుపు అద్దరూ? అది సైన్సు, మాది పిచ్చా?" అంది.

ఈనెలు నలిపిన ఆకులు రొమ్ము మీద పెట్టించింది. గంటకు బిగువు కాస్త సడలింది. "థాంక్యూ ఆంటీ" అన్నాను. బస్సు దిగుతూ డ్రైవరుకు కూడా చెప్పే దేశం కదా! ఆవిడ ముఖం ముడుచుకుంది.

"అయ్యో పిల్లా, మందుకు థాంక్స్ చెప్పకూడదు. చెబితే పనిచెయ్యదు. మా నానమ్మ నాటి నుంచీ అంతే."

మర్నాటికి రొమ్ము ఎర్రబడి, వణుకుతో ఒళ్లు కాలిపోయింది. మా ఆయన జీపీకి, అంటే మా పేట డాక్టరుకు, ఫోన్ చేస్తానంటే వద్దన్నాను. మాత్రలు పాలలోకి దిగుతాయనీ, డబ్బా పాలు మరిగితే పాప ఇక నా దగ్గరికి రాదనీ భయం. "ఇంకో నాలుగు ఆకులు పెట్టండి" అని ఆంటీతో వాదనకు దిగాను.

ఆవిడ నా నుదురు ముట్టి చూసి, తన కోటు విప్పి నా భుజాల మీద కప్పింది.

"లాభం లేదు. నిన్న థాంక్స్ చెప్పి చెడగొట్టావు. నా మందు నీకిక పట్టదు. మిగిలింది డాక్టరే. లే!"

"ఇదేం లాజిక్ ఆంటీ?"

"డిగ్రీ చదివావుగా, దారిలో ఆలోచించుకో."

అక్కడ సర్జరీ అని పిలిచే క్లినిక్‌లో డాక్టరమ్మ యాంటీబయాటిక్ రాసి, పాలివ్వడం ఆపొద్దంది. నాలుగు రోజుల్లో కోలుకున్నాను. పాప నన్ను వదల్లేదు. ఈసారి ఆంటీకి థాంక్స్ చెప్పలేదు, గారెలు పంపాను. తిని, "ఉప్పు తక్కువైంది" అంది.

ఆవిడ పోయి నాలుగేళ్లు. నేనూ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇంటి మందులు చెబుతాను. కానీ ముందు నుదురు ముట్టి చూస్తాను. నా మందు ఎక్కడ ఆగాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఒక్కటే తేలలేదు. నా థాంక్స్‌తో మందు చెడిందని ఆవిడ నిజంగానే నమ్మిందా, లేక నాలాంటి మొండిదాన్ని డాక్టరు దగ్గరికి నడిపించడానికి అప్పటికప్పుడు ఆ మాట అడ్డం పెట్టుకుందా?